పిడికెడు బియ్యం, ఫుల్లు మంట

నిన్న నువ్వు ఆ గాజు తలుపు డబ్బాలో పప్పు వేడి చేసి ఇచ్చావు చూడు, అంచు దగ్గరి ముద్దకి నా అంగిలి కాలింది, మధ్యలోని ముద్దకి ఉన్న నాలుగు పళ్లూ జివ్వుమన్నాయి. ఒకటే గిన్నె, ఒకటే పప్పు. నువ్వేమో "మైక్రోవేవ్ ఖరాబైంది అవ్వా, కొత్తది కొనాలె" అన్నావు. దానికేం రోగం లేదు. నువ్వే వేలు పెట్టి నేరుగా ఫుల్లు నొక్కావు. సగానికి పెట్టి నిలబడి విను. కాసేపు హుమ్మంటుంది, కాసేపు ఊరుకుంటుంది, మళ్లీ హుమ్మంటుంది. ఊరుకున్నప్పుడు అది పని ఎగ్గొట్టిందనుకుంటావు నువ్వు. అసలు పని అప్పుడే జరుగుతుంది. కాలిపోతున్న అంచు తన వేడిలో కొంత చల్లటి నడిమికి ఇచ్చుకుంటుంది. బయటికి తీశాక కూడా మూతపెట్టి కాసేపు వదిలెయ్యాలి. అన్నేళ్లు ఇంజనీరింగు చదివావు, ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదా నీకు? నాకు చెప్పింది ఒక గంజు. డెబ్బై మంది ఆడపిల్లలకు అన్నం వండే గంజు. రాసుకో, చెబుతాను. మధ్యలో ఫోన్ మోగితే మాత్రం లేచిపోతాను.

అరవైల్లో మాట. నాకు పెళ్లయి మూడేళ్లు. నిజాంసాగర్ కాలువ పక్క ఊరు మాది, చుట్టూ చెరుకే. మీ తాత చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర మంట వేసే పనిలో ఉండేవాడు. ఆ బాయిలర్‌కి గడియారంలాంటిది ఒకటి ఉంటుందట, దాని ముల్లు కిందికి దిగకూడదట. దిగితే పైవాళ్లు తిడతారట. ఆ భయం ఇంటిదాకా మోసుకొచ్చేవాడు మనిషి. మా పొయ్యి మీద చాయ్ పెట్టినా సరే, పక్కన కూర్చుని ఎండు పిప్పి తోస్తూనే ఉండేవాడు. పిప్పి అంటే తెలుసుగా, చెరుకు గానుగాడాక మిగిలేది. ఎండిందంటే కాగితంలా భగ్గుమంటుంది. నువ్వు ఊదుగొట్టం తీసి పక్కన పెట్టేలోపల ఆరిపోతుంది. దాని మీద వండడమంటే కోపిష్టి మనిషితో కాపురం చేయడమే. కోపిష్టి మనిషితోనూ చేశాను, పిప్పితోనూ చేశాను, రెంటికీ తేడా నాకు కనిపించలేదు.

మా అమ్మ చనిపోయాక చిన్న చెల్లెలు నా దగ్గరే ఉండేది. పదేళ్లది. అది తినే రెండు ముద్దలు మా అత్తకి రెండు బండలుగా కనిపించేవి. అత్త చెడ్డదని కాదు. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే మళ్లీ ఆమెన్‌కే తెరిచేంత భక్తిపరురాలు. ఆ మధ్యలో మాత్రం గురక పెట్టేది. చెరుకు నరికే రోజులొచ్చాయి, మహారాష్ట్ర నుంచి కోత ముఠాలు దిగాయి. సోమవారం పొద్దున ఒక ముఠా పక్క ఊళ్లకు కదులుతోంది. మోపులు కట్టడానికి పిల్లలు కావాలని అడిగారట.

"నీ చెల్లెను పంపు పిల్లా," అంది అత్త. "ఊకె కూసోని ఏం జేస్తది? సీజనంత ఆల్లే తిండి పెడ్తరు."

"గది బడికి పోతనంటున్నది అత్తా."

"పోతనంటది. నేను గూడ నిజామాబాదు పోయి సినిమా సూస్తనంట. ఎవలు తోల్కపోతరు?"

చెల్లెలు అంతకు ముందే నాలుగు రోజులు మోపులకు వెళ్లొచ్చింది. చెరుకు ఆకు అంచు కత్తి లెక్క. దాని ముంజేతుల మీద ఎర్రటి గీతలు, గీత పక్క గీత. వాటికి పసుపు రాస్తుంటే అది ఏడవలేదు. గీతలు వరసగా లెక్కపెట్టి, "నాకు ఎంతదాంక అంకెలు వస్తయో సూడక్కా" అంది. నాకే కళ్లు మండాయి. పసుపు ఎగిరి పడిందని చెప్పాను.

మా ఊరికి రెండు మైళ్లలో మిషన్ కాంపౌండు ఉండేది. చర్చి, దాని వెనక ఆడపిల్లల బోర్డింగు, ఆ పక్కనే వంటకొట్టు. అక్కడి వంటామె ఆ వారమే కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వంటమనిషి ఇంటి పిల్ల ఒకతె బోర్డింగులోనే ఉండి, తిని, చదువుకోవచ్చని అక్కడి రివాజు. ఆ మాట చెవిన పడగానే నేను చీర మార్చుకోకుండానే వెళ్లాను. బోర్డింగు పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని, చేతికి మగవాళ్ల గడియారం పెట్టుకుని ఉంది. పెళ్లి చేసుకోలేదు కాబట్టి మొహం నున్నగా ఉంది.

"ఎంతమందికి వండినవ్ ఇంతవరకు?"

"ఇంట్ల నలుగురికి అమ్మగారు. గాని మా ఆయనొక్కడే ఆరుగురి లెక్క తింటడు."

ఆమె నవ్వలేదు. "శనివారం పగటికి వండు. గంజు మీదికెల్లి ఒక పళ్లెం, నడిమికెల్లి ఒకటి, అడుగుకెల్లి ఒకటి తీస్త. మూడు ఒక్క తీరు ఉండాలె. పోయినామె వండితే ముందు వరుస పిల్లలకు పలుకు, ఎనక వరుసకు మాడు. దినాం కొట్లాటనే."

అంతే పరీక్ష. కూర కాదు, చారు కాదు, అన్నం. నేను లోపల నవ్వుకున్నాను. అన్నం వండడం కూడా ఒక పరీక్షేనా అని.

శనివారం మీ తాతకి సెలవు. "డెబ్బై మందికి మంట అంటే ఆడిదాని పని కాదే. బాయిలర్ నడిపేటోన్ని నేనున్న గదా," అని ఊరి గానుగ దగ్గర అడిగి బండెడు పిప్పి తెచ్చుకున్నాడు. గంజు నా నడుము దాకా ఉంది. ఎసరు పెట్టాను. ఆయన చొక్కా విప్పి పొయ్యి ముందు కూర్చున్నాడు. ఇంక చూసుకో. మంట గంజు చుట్టూ చెవుల దాకా లేచింది. నేను బియ్యం పోసీ పోయకముందే కుతకుతలు.

"సూసినవా!" అన్నాడు. "గిట్లుండాలె స్టీమ్!"

"జర తగ్గియ్యి. పొంగుతున్నది."

"తగ్గిస్తె ముల్లు పడ్తదే."

"గంజుకు ముల్లెక్కడిదయ్యా!"

వినలేదు. గంజి పొంగి పొయ్యిలో పడింది, పిప్పి ఆరింది, మళ్లీ భగ్గుమంది. గంటెతో కలుపుదామంటే చెయ్యి లోపలికి పెట్టలేను. మొత్తానికి అరగంటలో అన్నం దింపేసి, సమయానికి ముందే చేశామని ఇద్దరం మురిసిపోయాం. పెద్దమ్మ మూడు పళ్లేలు తెచ్చింది. గంజు పైనుంచి తీసిన పళ్లెంలో గింజలు గాజుపెంకుల్లా ఉన్నాయి. నడిమి పళ్లెంలో గోడకు కాగితాలు అంటించుకోవచ్చు. అడుగుది నల్లటి పలక, దాని మీద సుద్దముక్కతో రాయచ్చు. అన్యాయం ఏమిటంటే, నడిమి పళ్లెంలో కూడా ముద్ద మధ్య అక్కడక్కడా పలుకు తగులుతోంది.

పిల్లలు తిన్నారు, పాపం. ఒక గడుగ్గాయి మాత్రం అడిగింది. "అక్కా, గిది ముందు నానబెట్టుకొని తినాల్నా?"

పెద్దమ్మ గడియారం చూసుకుంది. "ఒక్క గంజుల మూడు వంటలు చేసినవ్. రేపు ఆదివారం పన్నెండున్నరకు ఇంకొకపారి వండు. అప్పుడు గూడ గిట్లనే ఐతే, పాస్టరమ్మ చుట్టామె ఒకామె ఉన్నది, ఆమెను పెట్టుకుంట."

ఇంటికి నడిచి వచ్చాం. కాలువ గట్టు ఎక్కాక మీ తాత, "గంజు అడుగు పలుచగున్నది, మంటది తప్పు కాదు," అన్నాడు. చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. మా మొహాలు చూసింది. "సోమారం ఎన్ని గొట్టంగ లేవాలె అక్కా, మోపులకు?" అని మాత్రం అడిగింది. నేను చాట తీసుకుని కూర్చున్నాను. చాటలో బియ్యం కూడా లేవు.

ఊరికే కూర్చుంటే రెండు సంగతులు తట్టాయి. ఒకటి మంట. మా అత్త పాలు ఎప్పుడూ పిడకల నిప్పుల మీదే పెట్టేది. ఆ కుండని ఎవరూ ముట్టుకోరాదు, ఊదరాదు. పాలు పొంగవు, మాడవు, సాయంత్రానికి అట్టకట్టిన మీగడ. అవే పాలు మీ తాత పిప్పి మీద పెడితే సగం పొయ్యికి, సగం పిల్లికి. అంటే తప్పు గంజుది కాదు, ఈయనగారిది. ఎంత మండినా మంట గంజు చుట్టూ తిరుగుతుంది కానీ లోపలికి దూకదు. నడిమికి వేడి అందాలంటే అది మెల్లగా నడిచి వెళ్లాలి, నడిచేంత టైము మనం ఇవ్వాలి.

రెండోది బియ్యం. నడిమి ముద్దలో పలుకెందుకు వచ్చింది? అది పిడికెడు బియ్యం కాబట్టి. నీకు తెలియదు, మా చర్చి సంఘంలో ప్రతి ఇల్లాలూ వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది, దేవుని పేరు మీద. నెల మొదటి ఆదివారం అందరూ సంచుల్లో తెచ్చి చర్చి గుమ్మంలో పెద్ద పీపాలో పోసేవాళ్లు. అది బోర్డింగు పిల్లల తిండి. ఒకరిది ఏడాది పాత బియ్యం, ఒకరిది నిన్న కోసి దంచింది. కొత్తది రెండు ఉడుకులకే మెత్తబడుతుంది, పాతదానికి నీళ్లు తాగడానికే అంతసేపు కావాలి. రెండింటినీ ఒక్కసారే పోసి ఒక్క మంట మీద ఉడికిస్తే ఏమవుతుంది? మర్నాడే నెల మొదటి ఆదివారం. పీపాలో పడ్డాక గింజని గింజ నుంచి విడదీయడం దేవుడి వల్ల కూడా కాదు. పడకముందే పట్టుకోవాలి.

"అత్తా, రెండు గంపల పిడకలియ్యి."

"దేనికి?"

"దేవునికి."

"దేవుడు నా దొడ్డి పిడకలెప్పుడు అడిగిండే?" అంది గానీ ఇచ్చింది. మంచి తుమ్మ మొద్దులు నాలుగు నేను అడగకపోయినా చూపించింది. నేను ఓడిపోతే చూడాలని ఎంత సరదాగా ఉన్నా, గెలిస్తే ఒక తిండి తగ్గుతుందని లెక్క కూడా వేసుకుని ఉంటుంది.

ఆదివారం చర్చి గంట కొట్టేసరికి నేను గుమ్మంలో పీపాకి అడ్డంగా నిలబడ్డాను. పక్కన రెండు ఖాళీ గంపలు, నా వెనక చెల్లెలు. ప్రతి సంచిలోంచీ ఒక్క గింజ తీసి కొరకడం. పంటికి అంటుకుంటే కొత్తది, ఎడమ గంప. టక్కున విరిగితే పాతది, కుడి గంప. మొదట జనానికి అర్థం కాలేదు. తర్వాత అర్థమై నవ్వారు. తర్వాత సంచులు వెనక్కి దాచుకోవడం మొదలుపెట్టారు. దేవుడు లోపల ఏముందో చూడడని ధైర్యంగా తెచ్చినవాళ్లు, నేను చూస్తానంటే హడలిపోయారు.

మా సంఘ పెద్ద ఒకాయన వచ్చాడు. చాలా పెద్ద ప్రార్థనలు చేసేవాడు. ఆయన మొదలుపెడితే పసిపిల్లలు పాలు తాగి, నిద్రపోయి, లేచి మళ్లీ ఆకలికి ఏడ్చేవాళ్లు. ఆయన చేతిలో అందరికన్నా తెల్లటి సంచి, దాని మీద ఎర్రదారంతో సిలువ కుట్టి ఉంది.

"ఏందిది? దేవుని బియ్యం ఎంగిలి చేస్తున్నవా?"

"ఒక్క గింజనే పెద్దయ్యా. మిగిలినయన్ని దేవునికే."

సంచి విప్పాను. అన్నీ నూకలే. రెండు పురుగులు కూడా ఆదివారం ఆరాధనకి బయల్దేరి ఉన్నాయి.

"కొరుకుదమంటె పంటికి చిక్కుతలేవు పెద్దయ్యా," అన్నాను. "మీ కోళ్ల సంచి గిట్ల మారలేదు గదా?"

వెనక వరసలో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆయన సంచి అక్కడే పడేసి లోపలికి వెళ్లాడు. నూకలు చెరిగి విడిగా పెట్టించాను, సాయంత్రం జావకి. దేవుడి సొమ్ము, పారేయలేం కదా.

లోపల పాటలు మొదలయ్యాయి. నేను ఆరాధన ఎగ్గొట్టి పొయ్యి అంటించాను. తుమ్మ మొద్దులు పెట్టి ఎసరు కాగనిచ్చాను. పాత బియ్యం పోశాను, కొత్త బియ్యం ముట్టుకోలేదు. మీ తాత నీళ్లు మోయడానికి వచ్చి, చేతులు ఊరుకోక పొయ్యి దగ్గరికి జరిగాడు.

"రెండు కట్టెలు ఎనకకు గుంజు," అన్నాను.

"గుంజాల్నా?"

"గుంజాలె. ఉడుకు ఆగినంక మల్ల లోపటికి దొబ్బు. మల్ల నేను చెప్పంగనే గుంజు."

"మంట ఏసేటోన్ని నేను. మంట గుంజేటోన్ని కాదు. ఫ్యాక్టరీల తెలిస్తె ఇజ్జత్ పోతది."

"నీ బాయిలర్ ఫ్యాక్టరీల ఉన్నది. గిది నా బాయిలర్."

కట్టె బయటికి లాగుతూ మొహం అటు తిప్పుకున్నాడు, సమాధిలో మట్టి వేసేటప్పుడు చూడలేనట్టు. లాగాం, నెట్టాం, లాగాం. పాత గింజ సగం మెత్తబడ్డాక కొత్త బియ్యం పోశాను. అడుగు నుంచి మీదికి రెండుసార్లు తిరగేశాను. ఇంకా గింజ నడుమ సూదిమొనంత తెల్ల చుక్క ఉండగానే గంజు మూతికి బట్ట కట్టి, ఇద్దరం వంచి గంజి వార్చాం. అప్పుడు పొయ్యిలో కట్టెలన్నీ తీసేసి పిడకల నిప్పులు మాత్రం పరిచాను. గంజు ఎక్కించి మూతపెట్టి, మూత మీద కూడా నిప్పులు పోశాను. తర్వాత కొంగు దులుపుకుని కూర్చున్నాను.

"ఇగ ఏం జెయ్యాలె?" అన్నాడు.

"ఏం జెయ్యొద్దు."

బిడ్డా, నా జన్మలో నేను చేసిన కష్టమైన పని అదే. ఏమీ చేయకుండా ఉండడం. మీ తాత రెండుసార్లు మూత మీద చెయ్యి వేశాడు. రెండోసారి గంటెతో కొట్టాను. ఆరాధన ముగిసింది. గంట కొట్టారు. డెబ్బై మంది పిల్లలు పళ్లేలు పట్టుకుని వరస కట్టారు. పెద్దమ్మ వచ్చింది, ఆమె వెనక పాస్టరు అయ్యగారు, ఆయన వెనక మొహం గంటు పెట్టుకుని సంఘ పెద్ద.

"పన్నెండున్నర," అంది పెద్దమ్మ.

"జరంత ఆగుండ్రి అమ్మగారు."

"మంట లేదు, ఏం లేదు. ఊకె కూసున్నవ్?"

"ఉడుకుతలేదు అమ్మగారు. సర్దుకుంటున్నది."

సంఘ పెద్ద ఇదే సందని ముందుకొచ్చాడు. "ఈమె దేవుని బియ్యం కొరికింది. ప్రతి సంచి ఎంగిలి చేసింది. సంఘం ముంగట మాఫీ అడగాలె. గిసొంటామెను వంటకు పెడ్తరా?"

మాఫీదేముంది, అడిగేదాన్నే. కానీ వంటకొట్టు కిటికీ బయట చెల్లెలు మునివేళ్ల మీద నిలబడి చూస్తోంది. చేతులు కొంగులో చుట్టుకుని మూతమీది నిప్పులు దులిపి, మూత తీశాను.

పెద్దమ్మ మూడు పళ్లేలు తీసుకుంది. మీదిది, నడిమిది, అడుగుది. వాటిని బల్ల మీద పెట్టి, పేకాటలో ముక్కల్లా అటూ ఇటూ మార్చింది. పెళ్లి చేసుకోని ఆడమనిషికి ఆ ఆట ఎక్కడ తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"అయ్యగారు, ఏది అడుగుదో చెప్పుండ్రి."

అయ్యగారు మూడు పళ్లేల్లోనూ తిన్నారు. ఆలోచించారు. మళ్లీ తిన్నారు. ఆకలి మీద ఉన్నట్టున్నారు, ఇంకోసారి కూడా తిని, "గిది," అన్నారు.

"అది గంజు మీదికెల్లి తీసింది," అన్నాను నేను.

పెద్దమ్మ ఒక్కో పళ్లెంలోంచి ఒక్కో మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపింది. "నాకు గూడ తెలుస్తలేదు," అంది. ఆమె మొహంలో మొదటిసారి ఒక ముడత కనిపించింది. నవ్వినట్టుంది. సంఘ పెద్ద వైపు తిరిగింది. "పెద్దయ్యా, మీరు గూడ కూసోని తినుండ్రి. తిన్నంక మాఫీ సంగతి మాట్లాడుదం."

తిన్నాడు. అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు. మాఫీ ఊసెత్తలేదు. "వచ్చే నెల గూడ గుమ్మంల నిలబడి కొరుకు," అని పెద్దమ్మ నాతో ఆయనకి వినబడేలా అంది. మరుసటి నెల ఆ తెల్ల సంచిలో నూక ఒక్కటి ఉంటే ఒట్టు. ఊరంతా ఇంట్లో ఉన్న మంచి బియ్యమే తెచ్చింది. అయ్యగారి ప్రసంగాలు అన్నేళ్లుగా చేయలేని పని నా రెండు పళ్లు చేశాయి. మీ తాతకి మాత్రం ఆ రోజు అన్నం బాగుందని చెప్పడానికి ఇష్టం లేకపోయింది. పిడకలు మంచివన్నాడు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ కిటికీ వైపు చూసి, "ఆ పిల్లనేనా?" అంది. నేను తలూపాను. "చేతులు కడుక్కొని వరుసల కూసోమను. రేపటిసంది బడి." చెల్లెలు పరిగెత్తింది. బావి దగ్గర చేతులు కడుక్కుని, గీతలు కనబడకుండా జాకెట్టు చేతులు కిందికి లాక్కుని, చివరి వరసలో చివర కూర్చుంది. ముందు ఒక పళ్లెం కూడా పెట్టారు దానికి.

నేను గంటె పట్టుకుని వరస వెంట వడ్డిస్తూ వచ్చాను. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ వేశానని మాట రాకూడదని అందరికీ కొలిచినట్టు ఒకే గంటెడు వేస్తున్నాను. దాని ముందుకొచ్చినప్పుడు చేతికి ఇంకా భయమెక్కువై కొంచెం తక్కువే పడింది. అది నా మొహం వైపు చూడలేదు. పక్క పిల్ల పళ్లెం చూసింది, తన పళ్లెం చూసుకుంది. తర్వాత డెబ్బై మంది పిల్లలూ వంటామెని ఎలా పిలుస్తారో సరిగ్గా అలాగే, నేనెవరో తనకి తెలియనట్టే గొంతెత్తి అరిచింది.

"అక్కా, గిటు ఇంకింత ఎయ్యి!"